కృష్ణా లోయలో రోడ్డు సైక్లింగ్: గద్వాల, జూరాల, ఆత్మకూరు, బీచుపల్లి చుట్టుకి పూర్తి మార్గదర్శి

గద్వాలలో బయల్దేరి జూరాల డ్యామ్ మీద కృష్ణ దాటి, ఆత్మకూరు, మదనాపురం మీదుగా కొత్తకోట పోయి, అక్కడ 44వ నంబర్ హైవే ఎక్కి పెబ్బేరు దాటి, బీచుపల్లిలో మళ్ళీ కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో మళ్ళుకొని గద్వాల చేరితే మొత్తం వంద కిలోమీటర్లకి కొంచెం పైనే వస్తది. ఒకే నదిని రెండు చోట్ల దాటి రెండు ఒడ్లూ చూసే చుట్టు ఇది. పాలమూరులో రోడ్డు సైకిల్ ఉన్నోళ్ళు తప్పకుండా తొక్కాల్సిన దారి అని నేను గట్టిగా చెప్తా.

హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్ళు ఇక్కడ గుట్టలు లేవు కదా, వంద కిలోమీటర్లు ఇట్టే అయిపోతయి అనుకుంటరు. కాళ్ళల్ల దమ్ము ఉంటది, సైకిల్ మంచిది ఉంటది, అయినా పదకొండు గంటలయ్యేసరికి పెబ్బేరు దగ్గర ఏదో చెట్టు కింద కూలబడ్తరు. ఎందుకంటే ఈ లోయలో రైడ్ ఎట్ల సాగాలో కాళ్ళకన్నా ముందు గాలి, డ్యామ్‌లో నీళ్ళు, రోడ్డు మీద పంట, ఈ మూడు తేలుస్తయి. అవి చూసుకొని రోజు, టైము, ఎటునుంచి మొదలుపెట్టాలి అనేది ఫిక్స్ చేసుకుంటే కొత్తోళ్ళు కూడా హాయిగా తొక్కొచ్చు, అవి చూసుకోకపోతే ఎంత తోపు రైడర్ అయినా ఇబ్బంది పడ్తడు. అందుకే సైకిల్ గురించి చెప్పేముందు నేల గురించి, గాలి గురించి చెప్తా.

ముందు నేల తెలుసుకోండి

కృష్ణ మన తెలంగాణలోకి నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర వస్తది, భీమా నది వచ్చి కలిసేది కూడా ఆ దగ్గర్లనే. అక్కణ్ణుంచి కిందికి వస్తే జూరాల ప్రాజెక్టు, ఆ కింద ఒక ఒడ్డు గద్వాల జిల్లా, ఇంకో ఒడ్డు వనపర్తి జిల్లా, అట్లనే బీచుపల్లి దాటి సోమశిల దిక్కు పోయి శ్రీశైలం నీళ్ళల్ల కలుస్తది. లోయ అంటే అటూ ఇటూ కొండలు ఉంటయని ఊహించుకోకండి. ఇది వెడల్పు లోయ, నది దిక్కు పోతుంటే తెలియకుండ దిగుతరు, నది దాటినంక తెలియకుండ ఎక్కుతరు. ఎక్కుడు కంటికి కనపడదు, స్పీడ్ తగ్గినంకనే అర్థమయితది, అక్కడ చాలామంది సైకిల్‌కి ఏమన్నా అయ్యిందా, బ్రేక్ రాసుకుంటుందా అని దిగి చూస్తుంటరు. ఏం కాలేదు, ఎక్కుతున్నరు అంతే, ఒక గేరు తగ్గించుకోండి.

గద్వాల ఒడ్డున, అంటే కృష్ణకీ తుంగభద్రకీ నడుమ ఉన్న నడిగడ్డలో నల్లరేగడి ఎక్కువ, పత్తి, అందులో సీడ్ పత్తి, మిరప బాగా పెడ్తరు. వనపర్తి ఒడ్డున ఎర్ర చెలకలు ఎక్కువ, కాల్వల కింద వరి. సైక్లిస్టుకి ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, వాన పడ్డ మర్నాడు పొలాల నుంచి ట్రాక్టర్లు నల్లమట్టి రోడ్డు మీదికి మోసుకొస్తయి, తడిగా ఉంటే జారుతది, టైరుకి పట్టి బ్రేకులల్ల ఇరుక్కుంటది, ఆరితే రాయిలెక్క అయితది. ఎర్రమట్టి అంత మొండిది కాదు, నీళ్ళు పోస్తే పోతది. కాబట్టి గట్టి వాన పడితే ఒక రోజు ఆగి బయల్దేరండి.

నెల, గాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

కొత్తగా వచ్చేటోళ్ళకి అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. పొద్దున చల్లగా ఉంటది, గాలి పెద్దగా ఉండదు, పదింటి దాకా ఎండ భరించొచ్చు. మార్చి నుంచి లెక్క మారిపోతది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 42 డిగ్రీలు దాటుడు మామూలే, అప్పుడు ఫుల్ చుట్టు పెట్టుకోకండి, గద్వాల నుంచి జూరాల పోయి రండి, తొమ్మిదింటికల్లా నీడలో ఉండండి.

నీళ్ళు చూడాలంటే మాత్రం జూలై చివరి నుంచి సెప్టెంబర్ దాకా రావాలి. ఇక్కడొకటి గుర్తుంచుకోండి, జూరాల గేట్లు ఎత్తేది మన దగ్గర వాన పడ్డందుకు కాదు, మహారాష్ట్రలో పడమటి కనుమల్ల వానలు కొట్టి, కర్ణాటకలో ఆల్మట్టి నిండి, నారాయణపూర్ నుంచి కిందికి వదిలితే వస్తది వరద. అటు భీమా కూడా తోడయితది. అందుకే గద్వాలలో చుక్క వాన లేకుండ ఎండ కొడ్తున్నప్పుడు కూడా జూరాల దగ్గర నది గర్జిస్తుంటది. ఆ టైములో ఏ పేపరు జిల్లా పేజీ తీసినా ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులో వేస్తరు, ముందురోజు అది చూసుకోండి. ఆదివారం గేట్లు ఎత్తి ఉంటే డ్యామ్ దగ్గర జనం విపరీతంగా ఉంటరు, కార్లు రెండు పక్కలా పెట్టేస్తరు, సైకిల్ నడిపించుకుంటా పోవాల్సి వస్తది. వారం నడుమ పోతే హాయి.

గాలి సంగతి జర శ్రద్ధగా చదవండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ పడమటి గాలి, నైరుతి గాలి గట్టిగా వీస్తది, పొద్దుగాల నెమ్మదిగా ఉండి ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతది. లోయలో చెట్లు తక్కువ, అడ్డం ఏం ఉండదు. ఆ నెలల్లో గద్వాలలో మొదలుపెట్టి చుట్టు తిరిగితే చివర్ల ఎర్రవల్లి నుంచి గద్వాల దాకా, అలిసిపోయి ఉన్నప్పుడు, ఎదురుగాలిలో తొక్కాలి. దాని బదులు ఎర్రవల్లి చౌరస్తాలోనే మొదలుపెట్టండి. గాలి లేవకముందే గద్వాల, జూరాల దాకా పడమర దిక్కు పోయేది అయిపోతది, డ్యామ్ దాటి తూర్పుకి తిరిగినంక ఆత్మకూరు నుంచి కొత్తకోట దాకా గాలి మిమ్మల్ని వెనకనుంచి నెడ్తది, హైవే మీద దక్షిణానికి దిగేటప్పుడు పక్కగాలి ఉంటది, అది తట్టుకోవచ్చు. హైదరాబాద్ నుంచి కారులో సైకిల్ పెట్టుకొని వచ్చేటోళ్ళకి ఎర్రవల్లి హైవే మీదనే ఉంది కాబట్టి ఇంకా సులువు. చలికాలంలో ఈ బాధ లేదు, గద్వాలలోనే మొదలుపెట్టుకోండి.

రైలుకి రావాలనుకుంటే కాచిగూడ, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు లైను ఉంది. సైకిల్‌ని లగేజీగా బుక్ చెయ్యాలి, ఏ రైలుకి లగేజీ పెట్టె ఉందో, గద్వాలలో దింపుతరో లేదో ముందురోజే స్టేషన్‌కి పోయి కనుక్కోండి.

ఇంకో రెండు విషయాలు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర రోజుల్ల ఆత్మకూరు, కొత్తకోట దిక్కు రోడ్లన్నీ ఆటోలు, ట్రాక్టర్లు, నడిచిపోయే జనంతో నిండి ఉంటయి, అప్పుడు రైడ్ పెట్టుకోవద్దు, జాతర చూడాలనుకుంటే సైకిల్ ఇంట్ల పెట్టి పోండి. గద్వాల పక్కనే జమ్మిచేడు జములమ్మ గుడి దగ్గర మంగళవారం, శుక్రవారం రద్దీ ఉంటది.

సైకిల్ ఎట్లుండాలి

లక్షల సైకిల్ అక్కర్లేదు. గేర్లు సరిగ్గా పడే రోడ్ బైక్ కానీ, హైబ్రిడ్ కానీ చాలు. టైరు మాత్రం ముఖ్యం. 23, 25 ఎమ్ఎమ్ సన్న టైర్లతో ఈ దారికి రావద్దు అనేది నా మాట, ఊర్ల నడుమ సీసీ రోడ్ల అతుకులు, ట్రాక్టర్ల ఇనుప కేజ్ వీల్స్ గీరిన గాట్లు, డ్యామ్ దగ్గర గుంతలు, అన్నీ మీ చేతులకి, నడుముకి తగుల్తయి. 28 అయితే పర్వాలేదు, 32 పట్టే ఫ్రేమ్ ఉంటే ఇంకేం ఆలోచించకుండ అదే ఏసుకోండి. గాలి కూడా టైరు మీద రాసి ఉన్న మ్యాగ్జిమమ్ దాకా నింపకండి. 70 కిలోల మనిషికి 28 టైరులో 70, 75 పీఎస్ఐ, 32 టైరులో 55, 60 పీఎస్ఐ చాలు. వెనక టైరుకి ముందు దానికన్నా ఒక ఐదు ఎక్కువ పెట్టుకోండి, బరువు ఎక్కువ పడేది వెనకనే కదా.

బయల్దేరే ముందురోజు సాయంత్రం చూడాల్సినవి: రెండు బ్రేకులు గట్టిగా పట్టుకొని సైకిల్ ముందుకి తోస్తే కదలొద్దు. టైరు చుట్టూ చూపుడు వేలుతో తడిమి గాజు ముక్క, ముల్లు ఇరుక్కుందేమో చూడాలి. చైన్‌కి నూనె లింకు లింకుకీ చుక్క చొప్పున పోసి, పైన తడి అంతా గుడ్డతో తుడిచెయ్యాలి, లేకపోతే మన దుమ్ము మొత్తం దానికే పడ్తది. వెనక లైటు చార్జింగ్ పెట్టాలి, తెల్లారకముందు బయల్దేరుతరు కాబట్టి లైటు లేకుండ పోవద్దు. హెల్మెట్ ఎట్లాగూ ఉండాల్సిందే.

బ్యాగులో: రెండు ట్యూబులు, రెండు టైర్ లీవర్లు, ప్యాచ్‌లు, సొల్యూషన్, చిన్న పంపు, అలెన్ కీల సెట్, వెంట్రుకలు పీకే పట్టకారు. పట్టకారు ఎందుకో కింద చెప్తా. ఇంకొకటి, పది గ్రాములు కూడా ఉండదు, ఇత్తడి వాల్వ్ అడాప్టర్. రోడ్ సైకిళ్ళకి ఎక్కువ శాతం సన్నగా ఉండే ప్రెస్టా వాల్వ్ ఉంటది, ఊర్ల పంచర్ షాపుల్ల కంప్రెసర్ పిన్ను మోటర్ సైకిల్ వాల్వ్‌కి సరిపోయేది ఉంటది. ఆ అడాప్టర్ జేబుల ఉంటే ఏ షాపుల అయినా గాలి పట్టించుకోవచ్చు, లేకపోతే షాపు ముందర నిలబడి కూడా గాలి లేకుండ చూస్తుండాలి. వాడేటప్పుడు ముందు వాల్వ్ కొసకున్న చిన్న నట్టు వదులు చేసి, తర్వాత అడాప్టర్ బిగించాలి. షాపాయనకి "అన్నా, సన్న ట్యూబు, జర జర కొట్టు" అని చెప్పండి, కంప్రెసర్ నుంచి గాలి ఒక్కసారే వస్తే ట్యూబు పేలిపోతది.

నీళ్ళు, తిండి

చలికాలంలో గంటకి అర లీటరు, ఎండాకాలంలో ముప్పావు లీటరు లెక్క పెట్టుకోండి. దప్పిక అయినంక తాగుదామంటే లేట్ అయిపోతది, పావుగంటకి ఒకసారి రెండు గుక్కలు అలవాటు చేసుకోండి. రెండు బాటిళ్ళు పెట్టుకొని ఒకదాంట్ల మామూలు నీళ్ళు, ఇంకోదాంట్ల ఓఆర్ఎస్ కలుపుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు నీళ్ళకి అని రాసి ఉంటే లీటరుకే కలపాలి, అర లీటరులో మొత్తం పోసేస్తే కడుపులో తిప్పుతది. నింపుకునేది ఊర్ల వాటర్ ప్లాంట్ల దగ్గర, హోటళ్ళ దగ్గరనే, పొలం బోర్ల దగ్గర మాత్రం వద్దు. కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటయి, తాగినా దప్పిక తీరదు.

తిండికి ఈ దారిలో లోటు లేదు. గద్వాలలో పొద్దున్నే ఉగ్గాని, మిర్చి బజ్జీ దొరుకుతది, బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టిన ఉగ్గాని తేలిగ్గా అరుగుతది, రైడ్‌కి బాగుంటది, బజ్జీలు మాత్రం ముందు తినకండి, రైడ్ అయినంక తినండి. తొక్కేటప్పుడు ముప్పావు గంటకి ఒకసారి ఏదో ఒకటి నోట్లో పడాలి, అరటిపండు, రెండు ఖర్జూరాలు, పల్లి పట్టీ, బెల్లం ముక్క, ఏదైనా. దారిలో సల్ల అమ్మేటోళ్ళు కనపడితే ఆపి ఉప్పేసుకొని తాగండి. జూరాల దగ్గర అప్పటికప్పుడు వేయించి ఇచ్చే చేపల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తరు, చేప తినేటోళ్ళు వదలొద్దు, కానీ ఇంకా ఎనభై కిలోమీటర్లకి పైనే ఉంది కాబట్టి రెండు ముక్కలతో ఆపుకోండి. మనసు ఆగదనుకుంటే గద్వాల జూరాల పోయొచ్చే చిన్న రైడ్ పెట్టుకొని కడుపునిండ తినండి.

దారి, ముక్క ముక్కగా

గద్వాల నుంచి జూరాల. తెల్లారకముందు, చీకటి ఉన్నప్పుడే బయల్దేరండి, ఊరు దాటేసరికి వెలుగు రావాలి. పోయే ముందు కోట గోడ చూసుకోండి, 17వ శతాబ్దంలో సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. ఊరు దాటినంక ధరూరు మండలం రేవులపల్లి దిక్కు పోవాలి. దారి అడగాల్సి వస్తే రోడ్డు నంబర్లు చెప్పకండి, ఎవ్వరికీ తెల్వదు, "పెద్దయ్యా, జూరాల డ్యాముకి ఎటు పోవాలె" అని ఊరి పేరుతో అడగండి, చెయ్యెత్తి చూపిస్తరు. ఈ మొదటి ఇరవై కిలోమీటర్లలోపు కాళ్ళు వేడెక్కేదాకా తేలిక గేరులో, పెడల్ నిమిషానికి ఎనభై, తొంభై సార్లు తిరిగేటట్టు తొక్కండి. పక్కనోడితో మాట్లాడుకుంటా పోగలిగితే స్పీడ్ సరిగ్గా ఉన్నట్టు, మాట మధ్యలో ఊపిరి అందకపోతే తగ్గించుకోవాలి.

డ్యామ్ మీద. రోడ్డు ఇరుకు, బస్సులు, లారీలు, ట్రాక్టర్లు అన్నీ దాని మీంచే. ఒకరి వెనక ఒకరు పోవాలి, పక్కపక్కన వద్దు. గేట్లు ఎత్తి ఉంటే తుంపర లేచి రోడ్డు తడుస్తది, అతుకుల దగ్గర ఇనుప పట్టీలు ఉంటే వాటిని అడ్డంగా, నేరుగా దాటాలి, ఏటవాలుగా దాటితే టైరు జారుతది. నడుమల ఆగి ఫొటోలు దిగకండి, దాటినంక నందిమల్ల వైపు చోటు చూసుకొని ఆగి చూడండి. నిండుగా ఉంటే ఇక్కడ నీటిమట్టం 318.516 మీటర్లు, పడమటి దిక్కు చూస్తే నీళ్ళు కంటికి అందినంత దూరం ఉంటయి. పాలమూరు అంటే వలస అని పేరు పడ్డ జిల్లా, కింద ఆ వరి మళ్ళు, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల లిఫ్టులు, అన్నీ ఈ నీళ్ళ మీద ఆధారపడ్డయే. నిలబడి ఒక ఐదు నిమిషాలు చూడండి, తొందర లేదు.

వరద ఎక్కువ ఉన్నప్పుడు డ్యామ్ మీద బండ్లు ఆపే అవకాశం ఉంటది, పోయే ముందు తెలుసుకొని పోండి. ఒక మాట చాలా సీరియస్‌గా చెప్తున్నా, డ్యామ్ కింద బండల మీదికి దిగొద్దు, స్నానం అసలే వద్దు. జూరాలలో కరెంటు తయారవుతది, కింద మూలమళ్ళ దగ్గర లోయర్ జూరాల ఇంకోటి ఉంది, మిషన్లు ఆన్ చేసినా, గేటు ఎత్తినా నీళ్ళు ఒక్కసారే పెరుగుతయి. ఎండిపోయి ఉన్న బండ నిమిషాల్ల మునుగుతది. మొసళ్ళు కూడా ఉన్నయి ఈ నదిలో.

ఆత్మకూరు, మదనాపురం, కొత్తకోట. నాకు ఈ చుట్టులో బాగా ఇష్టమైన ముక్క ఇదే. కాల్వలు, వరి, తాటిచెట్లు, చిన్న చిన్న ఊర్లు, ట్రాఫిక్ తక్కువ. ఆత్మకూరులో టిఫిన్ చెయ్యండి, బాటిళ్ళు నింపుకోండి. అక్కణ్ణుంచి మదనాపురం దిక్కు పోతే రైల్వే లైను తగుల్తది, వనపర్తి రోడ్ స్టేషన్ అనేది ఈ మదనాపురంలోనే. పట్టాలు రోడ్డుని ఏటవాలుగా దాటే చోట సైకిల్‌ని పట్టాలకి అడ్డంగా తిప్పి దాటండి, తడిగా ఉంటే దిగి నడిపించండి.

ఇక్కడే ఊకచెట్టు వాగు ఉంది, వానకాలంలో ఇది చాలా ముఖ్యం. పైన రామన్‌పాడు, సరళాసాగర్ నీళ్ళు వదిలినప్పుడు వాగు రోడ్డు మీంచి పారి ఆత్మకూరు కొత్తకోట నడుమ రాకపోకలు బంద్ అయితయి. మోకాలు లోతే కదా అని సైకిల్ భుజాన ఏసుకొని దాటుదాం అనుకోవద్దు, కింద రోడ్డు కొట్టుకుపోయి ఉంటే పైకి కనపడదు. నీళ్ళు రోడ్డు మీద పారుతున్నయి అంటే వెనక్కి తిరిగి ఆత్మకూరు పోండి, జూరాల మీదుగా గద్వాల చేరండి, అంతే.

ఓపిక ఉంటే సరళాసాగర్ చూసి పోండి, శంకరంపేట దగ్గర ఉంటది. వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు మీద కట్టిన ప్రాజెక్టు, 1949లో మొదలై 1959లో పూర్తయ్యింది. దీనికి ఎత్తే గేట్లు లేవు, సైఫన్లు ఉన్నయి. నీళ్ళు నిండు మట్టానికి వచ్చినయంటే సైఫన్ లోపలున్న గాలి బయటికి పోయి నీళ్ళు వాటంతట అవే కిందికి దూకుతయి, మట్టం తగ్గినంక గాలి మళ్ళీ లోపలికి పోయి ధార ఆగిపోతది. మనిషి చెయ్యి పెట్టే పని లేదు, కరెంటుతో పని లేదు. 2019 డిసెంబర్ 31న దీని కట్ట తెగింది, మళ్ళీ కట్టిండ్రు. సైఫన్లు దూకుతున్న రోజు కనుక మీరు అక్కడుంటే అది అదృష్టమే.

కొత్తకోట నుంచి బీచుపల్లి. ఇక్కణ్ణుంచి 44వ నంబర్ హైవే, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే రోడ్డు. పెద్ద పెద్ద లారీలు, స్పీడు బస్సులు. రోడ్డు నున్నగా ఉంటది కానీ సరదా ఉండదు. తెల్లగీత బయట, ఎడమ అంచున పోవాలి, కానీ అంచులోనే రాంగ్ రూట్‌లో బైకులు ఎదురొస్తయి, చూపు దూరం పెట్టాలి. ఊర్లల్లకి పోయే దారి చీలే చోట వెనక చూసుకొని, చెయ్యి చూపించి నేరుగా సాగాలి. హైవే ఇష్టం లేనోళ్ళు ఆత్మకూరు దాకా వచ్చి వెనక్కి తిరిగి పోవడమే మేలు, అది తక్కువ రైడ్ ఏం కాదు. ఆడవాళ్ళు గ్రూపులో ఉంటే టాయిలెట్ కోసం ఆత్మకూరు, కొత్తకోట బస్టాండ్లు, తర్వాత హైవే మీద పెట్రోల్ బంకులు చూసుకోండి, నడుమల ఊర్లల్ల కష్టం.

పెబ్బేరు దగ్గర టైమున్నోళ్ళు శ్రీరంగాపురం పోయి రావొచ్చు, చెరువు ఒడ్డున రంగనాయకస్వామి గుడి, గాలిగోపురం నీడ నీళ్ళల్ల పడ్తది. కానీ ఎండ చూసుకొని. బీచుపల్లి బ్రిడ్జి మీద అంచు తగ్గుతది, లారీ పక్క నుంచి పోతుంటే గాలి ముందు బయటికి తోసి తర్వాత లోపలికి లాగుతది, హ్యాండిల్ గట్టిగా బిగించకుండ మోచేతులు కొంచెం వంచి పట్టుకోండి. బ్రిడ్జి దాటితే ఆంజనేయస్వామి గుడి, పెద్ద చెట్ల నీడ, నీళ్ళు, కూర్చోడానికి చోటు. ఇక్కడ కచ్చితంగా పావుగంట ఆగండి.

ఎర్రవల్లి నుంచి గద్వాల. చౌరస్తాలో టీ తాగి కుడివైపు తిరగాలి. ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు కానీ ఎండ పైకొచ్చి ఉంటది, నీడ తక్కువ. పత్తి సీజన్‌లో ట్రాక్టర్ ట్రాలీలు లోడు పక్కలకి వేలాడేసుకొని వస్తయి, డ్రైవర్‌కి మీరు కనపడరు. వాటిని ఓవర్‌టేక్ చెయ్యకండి, వెనక కూడా దగ్గరగా పోకండి.

రోడ్డు మీద వడ్లు, గొర్లు, కుక్కలు

నవంబర్, డిసెంబర్‌లో ఒకసారి, ఏప్రిల్, మేలో ఒకసారి ఈ దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటయి. చుట్టూ రాళ్ళు పెడ్తరు, రాత్రి పూట పట్టాలు కప్పుతరు. చీకట్లో ఆ రాళ్ళు కనపడవు, నల్ల పట్టా అయితే రోడ్డులో కలిసిపోతది, అందుకే ఆ నెలల్లో ముందు లైటు గట్టిది ఉండాలి, తెల్లారేదాకా నెమ్మదిగా పోవాలి. వడ్ల మీద తొక్కొద్దు. జారుతది అనేది ఒకటి, అది ఒక ఇంటి ఆరు నెలల కష్టం అనేది అంతకన్నా ముఖ్యం. కొన్నిచోట్ల కంది కట్టె, జొన్న కంకులు బండ్లు తొక్కి పోవాలని రోడ్డు మీద పరుస్తరు, దాని మీంచి పోతే పుల్లలు వెనక గేర్లు మార్చే డీరైలర్‌లో చుట్టుకొని అది విరిగిపోతది, దిగి పక్కనుంచి నడిపించండి.

గొర్ల మంద ఎదురైతే బెల్లు కొట్టొద్దు, చెదిరిపోతయి. ఆగి, ఒక కాలు కింద పెట్టి, గొల్లాయన వైపు చూస్తే చాలు, ఆయన ఈల ఏసి మందను ఒక పక్కకి తీస్తడు. బర్రెలు అయితే తోక వైపు నుంచి దాటాలి, ముందునుంచి పోతే ముందుకే నడుస్తయి. కుక్కలు ఎంబడి పడితే స్పీడ్ పెంచడం కన్నా ఆగడం మంచిది, సైకిల్‌ని మీకూ కుక్కకీ నడుమ పెట్టుకొని గట్టిగా "హడ్" అంటే చాలావరకు ఆగిపోతయి. స్పీడ్ బ్రేకర్లు ప్రతి ఊరికీ మొదట్ల, చివర్ల ఉంటయి, రంగు ఉండదు, బడి కానీ గుడి కానీ కనపడ్డదంటే ముందే బ్రేకు మీద వేళ్ళు పెట్టుకోండి.

పంచర్ అయితే

ఈ దారిలో పంచర్లు మూడు రకాలు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఊరి రోడ్ల అంచుల్ల. హైవే అంచున లారీ టైర్లు పేలినప్పుడు రాలిన సన్న ఇనుప తీగలు. ఈ తీగ వెంట్రుకంత ఉంటది, కంటికి దొరకదు, అది తియ్యకుండ కొత్త ట్యూబు ఏస్తే అర కిలోమీటరులో మళ్ళీ పంచర్. పట్టకారు అందుకే.

పని వరసగా చెప్తా. నీడకి పోయి చక్రం తియ్యండి, వెనక చక్రం అయితే ముందు చైన్‌ని చిన్న పళ్ళ చక్రం మీదికి తెచ్చుకోండి. లీవర్లతో టైరు ఒక పక్క అంచు మాత్రమే రిమ్ము బయటికి తియ్యండి, రెండో పక్క అట్లనే ఉండనియ్యండి. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, పెదవుల దగ్గర పెట్టుకొని తిప్పండి, గాలి ఎక్కడ తగిలితే అక్కడ బొక్క. ఇప్పుడు ఆ ట్యూబుని టైరు పక్కన, వాల్వ్ ఉన్నచోట వాల్వ్ పెట్టి పరిచి చూస్తే, బొక్కకి ఎదురుగా టైరులో ఏ చోట వెతకాలో తెలిసిపోతది. అక్కడ టైరుని లోపలి నుంచి బయటికి వంచితే తీగ కొస మెరుస్తది, పట్టకారుతో పీకండి. మిగతా టైరంతా లోపల గుడ్డతో తుడవండి, ఎక్కడన్నా దారం పట్టుకుంటే అక్కడ ఇంకో ముల్లు ఉన్నట్టు.

కొత్త ట్యూబుకి ఊదినంత గాలి పెట్టి గుండ్రంగా చేసి లోపల పెట్టండి, ఒట్టిగా పెడితే మడత పడ్తది. టైరు అంచుని వాల్వ్‌కి ఎదురు పక్కనుంచి మొదలుపెట్టి రెండు బొటనవేళ్ళతో లోపలికి నొక్కుకుంటా వచ్చి వాల్వ్ దగ్గర ముగించండి. చివరి జానెడు గట్టిగా ఉంటది, అక్కడ లీవర్ వాడితే ట్యూబు చిరుగుతది, అరచేతి మడమతో తొయ్యండి, ఎక్కుతది. వాల్వ్‌ని ఒకసారి పైకి తోసి కిందికి లాగండి, సగం గాలి కొట్టి రెండు పక్కలా టైరు గీత రిమ్ముకి సమానంగా ఉందో లేదో చూడండి, ఉంటే మిగతా గాలి కొట్టండి. ఇంట్ల రెండుసార్లు చేసి చూసుకొని రండి, రోడ్డు మీద మొదటిసారి చేస్తే గంట పడ్తది.

ఎండ దెబ్బ గుర్తులు

చెమట ఆగిపోవడం, ఎండలో వణుకు, తలనొప్పి, మాట తడబడటం, వీటిల్ల ఏ ఒక్కటి వచ్చినా రైడ్ ముగిసినట్టే. నీడలో పడుకోబెట్టి, హెల్మెట్, షూ విప్పి, మెడ మీద, చంకల్ల తడిగుడ్డ పెట్టి విసరాలి. మనిషి సోయిల ఉంటేనే గుటక గుటకగా నీళ్ళు పట్టాలి, మాట తేడాగా ఉంటే ఆలస్యం చెయ్యకుండ 108కి ఫోన్ కొట్టాలి. గ్రూపులో అందరికన్నా నెమ్మదిగా తొక్కేటోళ్ళని అస్సలు చివర్ల వదిలెయ్యకండి, వాళ్ళ వెనక ఒకరు ఉండాలి.

గద్వాల చేరినంక కూర్చునే ముందే సైకిల్‌కి అంటిన నల్లమట్టిని నీళ్ళు పోసి కడిగెయ్యండి, ముఖ్యంగా బ్రేకుల సందులు, చైన్ తిరిగే చిన్న చక్రాలు. సాయంత్రానికి అది గట్టిపడితే స్క్రూడ్రైవర్‌తో పొడవాల్సి వస్తది. చైన్ ఆరినంక నూనె ఏసి తుడిచి పెట్టండి. ఆ తర్వాత మిర్చి బజ్జీలకి పోవచ్చు.